‘ముందు మనవారికి’ అను మాట గూర్చి

‘ఇంట గెలిచి రచ్చ గెలువవలెను’ అను సామెత మన విద్యార్థుల వ్యాసములందును, పెద్దల సంభాషణలందును నేడు క్రొత్త పనికి వచ్చుచున్నది. మన ఊరి రోడ్డు గుంతలు పడియున్నది. కుళాయి పెట్టినారు గాని నీరు రాదు. వానకాలమున పాఠశాల కప్పు కారును. ఇట్లుండగా మన ప్రభుత్వము భూటానునకును, నేపాలునకును, మాల్దీవులకును కోట్ల కొలది రూపాయలు ఏల ఇచ్చుచున్నది? తనకు మాలిన ధర్మము కాదా యిది? ఆ సొమ్ము నిలిపి ఇచ్చట రోడ్లు వేసిన బాగుండును గదా! ముందు మనవారికి, తరువాత పరాయివారికి. వాదమింతే. వినుటకు తేలిక, చప్పట్లకు అనువైనది, కాదనువాడు దేశముపై ప్రేమ లేనివాడుగా కనబడును.

ఈ ప్రశ్న అడిగిన పిల్లలను మేము తప్పుపట్టుట లేదు. పన్ను కట్టువాడు తన పన్ను ఏమైనదని అడుగకున్న మరి యెవ్వడు అడుగును? ప్రశ్న మంచిదే. కాని దాని కడుపులో ఒక లెక్క దాగియున్నది. విదేశములకు పోవు సొమ్ము చాల పెద్దదనియు, అది ఆగినచో మన రోడ్లు పూర్తియగుననియు ఆ ప్రశ్న తనంతట తానే నమ్ముకొన్నది. లెక్క తప్పయినచో వాదము ఎంత ధర్మబద్ధముగా వినబడినను నిలువదు. కనుక ముందు లెక్క చూతము.

2025-26 సంవత్సరమునకు కేంద్ర ప్రభుత్వపు బడ్జెట్టు మొత్తము వ్యయము సుమారు 50 లక్షల 65 వేల కోట్ల రూపాయలు. ఇందు విదేశములకు సహాయముగా కేటాయించినది సుమారు 5,483 కోట్లు. ఈ అంకెలు మన ఊహకు అందవు. వానిని ఇంటి ఖర్చు వలె చిన్నవి చేసికొనవలెను. ప్రభుత్వము వేయి రూపాయలు ఖర్చుపెట్టు గృహస్థు అనుకొన్నచో, అందులో పరదేశములకు పోవునది 1 రూపాయి 8 పైసలు. రోడ్లు, రైలు మార్గములు, రేవులు, యంత్రములు మొదలగు మూలధన వ్యయము, అనగా నిలిచియుండు ఆస్తులకై పెట్టు ఖర్చు, 11 లక్షల 21 వేల కోట్లు. అది వేయింట 221 రూపాయలు. రక్షణ శాఖకు 134 రూపాయలు. పూర్వము చేసిన అప్పులపై వడ్డీకి 252 రూపాయలు. ఈ చివరి అంకెను విద్యార్థులు మరియొకసారి చదువవలెనని మా కోరిక. వేయింట నాల్గవ వంతు వడ్డీకే పోవుచుండగా, దానిపై వక్తృత్వ పోటీ పెట్టినవారిని మేమింతవరకు ఎరుగము.

తలసరి లెక్క చూచిన నింకను తేటపడును. జనాభా 145 కోట్లనుకొన్నచో, విదేశ సహాయమునకై మనలో ఒక్కొక్కరి వంతు సంవత్సరమునకు 40 రూపాయలకు లోపు. మూలధన వ్యయమునకై ఒక్కొక్కరి వంతు 7,700 రూపాయలు. ఇంకొక విధముగా చూతము. కేంద్ర రోడ్డు రవాణా శాఖకు అదే సంవత్సరము కేటాయించినది 2 లక్షల 87 వేల కోట్లు. ఆ శాఖ ఏడు దినములలో వ్యయించు సొమ్మెంతయో, మన దేశము సంవత్సరమంతయు పొరుగు దేశములన్నిటికిని ఇచ్చు సొమ్మును అంతయే. విదేశ సహాయమును పూర్తిగా రద్దుచేసినచో రోడ్ల శాఖకు ఒక వారము పని దొరకును. అంతకు మించి ఏమియు జరుగదు.

‘దాచిన లెక్కలుండవా?’ అని కొందరు పెద్దలు అడుగవచ్చును. ఉన్నవి, కాని దాచినవి కావు. ఎగ్జిం బ్యాంకు ద్వారా ఇతర దేశములకు మనమిచ్చు అప్పులు ఈ 5,483 కోట్లలో చేరవు. అవి అప్పులు గనుక తిరిగి రావలసినవి. వానిపై వడ్డీ తగ్గించినందుకగు భారము మాత్రము ఖజానాపై పడును. విదేశ వ్యవహారముల శాఖ మొత్తము పద్దు 20,516 కోట్లు. మన రాయబార కార్యాలయములును, పాస్‌పోర్టుల పనియు అందులోనివే.

ఈ భ్రమ మనకే ప్రత్యేకమైనది కాదు. అమెరికాలో అభిప్రాయ సేకరణలు జరిపినప్పుడెల్ల, తమ ప్రభుత్వపు ఖర్చులో విదేశ సహాయము నాల్గవ వంతో అంతకెక్కువో యని జనులు సగటున ఊహించుచు వచ్చిరి. నిజమునకది నూటికి ఒకటి ప్రాంతము. అచ్చటి సహాయ సంస్థ యూఎస్‌ఎయిడ్ 2025 జూలై 1 నాడు మూతపడెను. బ్రిటను 2015లో తన జాతీయాదాయములో నూటికి 0.7 వంతు సహాయమునకు ఇచ్చుటను చట్టము చేసికొని, 2021లో దానిని 0.5కు దించి, 2027 నాటికి 0.3కు దించెదమని 2025లో ప్రకటించెను. పెద్ద ధనికులే చేయి ముడుచుకొనుచున్న కాలమిది. మనవారికిని అదే గాలి సోకుటలో వింత లేదు.

సరే, విదేశ సహాయము మన రోడ్లను మ్రింగుట లేదు. మరి రోడ్ల సొమ్ము, నీళ్ల సొమ్ము ఏమగుచున్నది? ఇచ్చట మేము కొంచెము ఆగి చెప్పదలచినాము. ఏలయన తల్లిదండ్రుల కోపము పోవలసిన దారి ఇది.

ఇంటింటికి కుళాయి నీరు ఇచ్చుటకై 2019లో ప్రారంభించిన జల జీవన్ మిషన్ అను పథకము కలదు. 2024-25 బడ్జెట్టులో దీనికి 70,163 కోట్లు కేటాయించిరి. సంవత్సరము ముగియబోవు వేళకు ఆ అంకెను సవరించి 22,694 కోట్లకు దించిరి. పథకపు గడువు ముగియుటయు, దాని పొడిగింపునకు ఆమోదము ఆలస్యమగుటయు ఇందుకు కొంత కారణము. కారణమేదైనను, ఇచ్చెదమని చెప్పి ఇయ్యని సొమ్ము 47 వేల కోట్లకు పైమాట. ఒక్క సంవత్సరమున, ఒక్క పథకమున మిగిలిపోయిన ఈ సొమ్ము, మన దేశము విదేశములన్నిటికి ఒక యేట ఇచ్చు సహాయమునకు ఎనిమిదిన్నర రెట్లు. కుళాయికి నీరు రానందుకు భూటానును నిందించువారు ఈ సవరణ పద్దును చదివినారా? అది రహస్యము కాదు, అచ్చుపడిన కాగితము.

మరియొక ఉదాహరణ వ్రాయుటకు చేయి ఆడదు గాని వ్రాయక తప్పదు. 2023 జూన్ 2 నాటి సాయంకాలము బాలేశ్వరము జిల్లా బాహానగా వద్ద కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ ఆగియున్న గూడ్సు బండిని ఢీకొట్టెను. మున్నూటికి చేరువగా జనులు మరణించిరి. మన ప్రాంతము వారు మద్రాసునకును, కలకత్తాకును పోవుటకు ఎక్కు బండి యది. రైల్వే భద్రతా కమీషనరు విచారణలో తేలినదేమనగా, సిగ్నలు తీగెలను మార్చు పనిలో జరిగిన తప్పులు. ఆ సంవత్సరమున రైల్వేల మూలధనమునకు కేటాయించిన సొమ్ము 2 లక్షల 40 వేల కోట్లు. అంతవరకు అంత సొమ్ము ఎన్నడును ఇచ్చియుండలేదు. క్రొత్త బండ్లకును, క్రొత్త స్టేషనులకును ధనము కొరవడలేదు. వేసిన తీగెను మరల ఒకసారి సరిచూచు మనిషి కొరవడెను. 2024 ఆగస్టు 10 రాత్రి హోసపేట వద్ద తుంగభద్ర ఆనకట్ట 19వ గేటు గొలుసు తెగి కొట్టుకొనిపోయినప్పుడును ఇదే విషయము తేటపడెను. కట్టుటయందు మనకున్న ఉత్సాహము కాపాడుటయందు లేదు. ప్రారంభోత్సవమునకు రిబ్బను ఉండును. మరమ్మతునకు రిబ్బను లేదు.

ఇంతమాత్రము చేత విదేశ సహాయము ప్రశ్నకు అతీతమైనదని మేము చెప్పుట లేదు. చిన్న పద్దు అయినంత మాత్రమున మంచి పద్దు కాదు. వేయింట రూపాయి ఎనిమిది పైసలు పోవుచున్నను, అది ఎచ్చటికి పోయెను, ఏమి చేసెను అని చూడవలసినదే.

చూచినచో మొదట కనబడునది, ఈ సహాయములో పెద్ద భాగము రోడ్లును, ఆనకట్టలును, విద్యుత్ కేంద్రములునే యగుట. ‘రోడ్లా, విదేశ సహాయమా?’ అను ప్రశ్నలో రెండు మాటలు వేరువేరుగా వినబడును గాని, పని జరుగుచోట అవి తరచుగా ఒక్కటే. భూటాను సంగతి చూడుడు. 1958లో నెహ్రూ ఆ దేశమునకు పోయినపుడు మోటారు పోవు దారి లేదు. ఆయన సిక్కిము, టిబెట్టుల మీదుగా గుఱ్ఱముల పైనను, నడచియు పోవలసివచ్చెను. 1961లో ఆరంభమైన భూటాను మొదటి పంచవర్ష ప్రణాళికకు ధనమంతయు భారతదేశమే ఇచ్చెను. అదే యేట మన సరిహద్దు రోడ్ల సంస్థవారి ‘దంతక్’ ప్రాజెక్టు అచ్చట కొండలు తొలిచి దారులు వేయ మొదలిడెను.

తరువాత వాంగ్ నదిపై చుఖా జలవిద్యుత్ కేంద్రము. సామర్థ్యము 336 మెగావాట్లు. వ్యయములో నూటికి 60 వంతులు మనము ఊరక ఇచ్చితిమి. 40 వంతులు అప్పు. 1988 నాటికి కేంద్రము పూర్తిగా పనిచేయసాగెను. భూటాను వాడుకొనగా మిగిలిన విద్యుత్తు మనకు అమ్ముదురు. ఆ రాబడితో ఆ చిన్న దేశము పాఠశాలలు, వైద్యశాలలు నడుపుకొనుచున్నది. దాని తరువాత 1,020 మెగావాట్ల తాలా, 2019లో 720 మెగావాట్ల మాంగ్డేఛు వచ్చెను. వేసవిలోను, వానకాలములోను నదులు నిండినపుడు వారి విద్యుత్తు మన తీగెలలోనికి వచ్చును. శీతకాలమున ఏరులు సన్నగిల్లినపుడు వారే మన యొద్ద కొందురు. 2025-26లో భూటాను వంతు 2,150 కోట్లు. నేపాలుకు 700, మాల్దీవులకు 600, మారిషసుకు 500 కోట్లు. అనగా మన సహాయములో దాదాపు ఐదింట రెండు వంతులు ఈ ఒక్క దేశమునకే. దీనిని దానమందురా, పెట్టుబడి యందురా, పొరుగువానితో కలిసి త్రవ్వుకొన్న బావి యందురా? మా మట్టుకు మేము చివరిదే యందుము.

మరియొక సంగతి దాచిపెట్టి పిల్లలకు పాఠము చెప్పరాదు. భూటాను మనకును చైనాకును నడుమ నున్నది. 2017లో డోక్లాము వద్ద రెండు సేనలు 73 దినములు ఎదురెదురుగా నిలిచెను. ఆ దేశముతో స్నేహము మనకు అవసరము. ఆ అవసరమునకు మనము వెల ఇచ్చుచున్నాము. ఇది త్యాగమని, మహోదారత యని పాఠములో వ్రాసినచో అబద్ధమగును. పొరుగు ఇంటికి నిప్పంటుకొనకుండ చూచుకొనుట మన ఇంటి పనియే.

లోపములు లేవా? గట్టివే యున్నవి. అదే భూటానులో పునత్సాంగ్‌ఛు-1 అను 1,200 మెగావాట్ల ప్రాజెక్టును 2008లో ప్రారంభించిరి. 2013లో ఆనకట్ట స్థలమున కుడివైపు కొండ జారెను. మొదట 3,500 కోట్లతో అగునన్న పని 9,000 కోట్లు దాటెను; ఏండ్లు గడచినను పూర్తి కాలేదు. నేల పరీక్ష సరిగా చేసిరా లేదా యని మన దేశమున ఎందరు అడిగిరి? పరదేశమున జరిగిన పని గనుక ఓటరు చూడడు; చూడని పనిలో అలసత చేరును. అఫ్ఘానిస్థానములో జరంజి నుండి దెలారాము వరకు 218 కిలోమీటర్ల రోడ్డు మనవారు వేసి 2009లో అప్పగించిరి. ఆ పనిలో కొందరు ప్రాణములు కోల్పోయిరి. 2021 ఆగస్టులో తాలిబానులు పట్టుకొన్న మొదటి రాష్ట్ర రాజధాని ఆ జరంజియే. అయినను రోడ్డు రోడ్డే. దానిపై పండ్ల లారీ పోవును, రోగి పోవును, సైనికుడును పోవును. ఎవడు పోవునో రోడ్డు వేసినవాడు నిర్ణయింపలేడు. ఇట్టి చోట్ల ఎంత ఇయ్యవలెనను విషయమున మాకును సందేహము కలదు.

అప్పుల విషయమున మా అభ్యంతరము ఇంకొకటి. ఎగ్జిం బ్యాంకు ద్వారా మనమిచ్చు అప్పులో సాధారణముగా నూటికి 75 వంతుల సరకును, పనియు భారతదేశము నుండియే కొనవలెనను నియమము కలదు. అనగా ‘సహాయము’ అను పేరిట బయలుదేరిన రూపాయిలో ముప్పాతిక మన వ్యాపారుల చేతికి, మన గుత్తేదారుల చేతికి తిరిగివచ్చును. ఇది దోషమని మేమనము. అన్ని దేశములును చేయుచున్నదే. కాని అట్లయినపుడు గుత్త ఎవరికి వచ్చెను, ఎంతకు వచ్చెను అన్నది ఇచ్చట పంచాయతీ రోడ్డుకు ఎట్లు అడుగుదుమో అచ్చటి రోడ్డుకును అట్లే అడుగవలెను. సహాయమును రద్దు చేయుమను కేకకన్న ఈ ప్రశ్న గట్టిది.

ఇక ఇచ్చుటయే గాని పుచ్చుకొనుట మనకు తెలియదా? స్వాతంత్ర్యము వచ్చిన తరువాత రెండు దశాబ్దములు ప్రపంచములో విదేశ సహాయము మిక్కుటముగా పుచ్చుకొన్న దేశములలో మనదొకటి. భిలాయి ఉక్కు కర్మాగారము రష్యావారి సాయము. దుర్గాపురము బ్రిటను సాయము. మన ఒడిశాలోని రూర్కెలా పశ్చిమ జర్మనీ సాయము. అమెరికా గోధుమ మాట సరే సరి. ఇవి పాఠ్యపుస్తకములలో ఉన్నవే గనుక విస్తరింపము. మన గంజాము తీరమునకు దగ్గరగానున్న సంగతి ఒకటి చెప్పవలెను.

1999 అక్టోబరు నెలలో రెండు తుపానులు వచ్చెను. మొదటిది 17-18 తేదీలలో గోపాలపురము వద్దనే తీరము దాటెను. రెండవది, 29వ తేదీన జగత్సింహపురము వైపు పడిన మహా తుపాను, సుమారు పదివేల మందిని పొట్టనబెట్టుకొన్నది. ఆనాటికి తీరమున గట్టి ఆశ్రయ భవనములు చాల కొద్ది. ఆ కొద్దియు జర్మనీ రెడ్‌క్రాసు సాయముతో కట్టినవి. వానిలో తలదాచుకొన్నవారు బ్రతికిరి. అందువలననే తరువాత అట్టివి విరివిగా కట్టవలెనను బుద్ధి ప్రభుత్వమునకు పుట్టెను. 2010లో ప్రపంచ బ్యాంకు ఆంధ్రప్రదేశ్, ఒడిశా రెండు రాష్ట్రములకును కలిపి తుపాను నష్టనివారణ పథకమునకు సుళువైన షరతులపై అప్పు ఆమోదించెను. ఆశ్రయ భవనములు, వానికి పోవు రోడ్లు, వంతెనలు, కరకట్టలు దానిలోనివి. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను అదే గోపాలపురము వద్ద విరుచుకొనిపడెను. అంతకుముందే ఈ రాష్ట్రమున దాదాపు పది లక్షల మందిని సురక్షిత స్థలములకు తరలించిరి. మరణములు 50కి లోపు. పదునాలుగేండ్ల నాడు పదివేలు. ఈనాడు 50కి లోపు. ముందుగా తెలిపిన వాతావరణ శాస్త్రజ్ఞులకును, ఇంటింటికి తిరిగిన ఉద్యోగులకును ఈ ఖ్యాతిలో పెద్ద వంతు కలదు. కాని పరుగెత్తి చేరుటకొక గట్టి కప్పు ఉండవలెను గదా! నేడు ఒడిశాలో అట్టి భవనములు ఎనిమిది వందలకు పైగా నున్నవి. తుపాను లేని దినములలో వానిలో అనేకము పాఠశాలలుగా పనికివచ్చుచున్నవి.

ఆ జర్మను దేశపు పన్నుదారుడు ‘మా బెర్లినులో రోడ్డు బాగులేదు, గంజాము తీరమున కప్పు ఏల?’ అని అడిగియుండిన అతనికి మనమేమి సమాధానము చెప్పియుందుము? 2003 నుండి మన ప్రభుత్వము చిన్న దాతల యొద్ద సాయము తీసికొనుట మానెను. 2004 సునామీనాడు ఇతర ప్రభుత్వముల సాయము వలదని, మన నౌకలను సింహళమునకును, మాల్దీవులకును పంపెను. పుచ్చుకొన్న చేయి ఇచ్చుచేయి అగుట గర్వింపదగినదే. ఆ చేయి ఇట్టే ముడుచుకొనవలెనని మన పిల్లలే కోరుట మాకు వెలితిగా తోచుచున్నది.

ఇంతవరకు చెప్పినది దేశములోని యే తెలుగు పాఠశాల పత్రికయైనను ప్రచురింపవచ్చును. ఇక చెప్పబోవునది మనకు మాత్రమే చెందినది.

‘ముందు మనవారికి’ అను మాటలో ‘మనవారు’ ఎవరు? ఈ గీత గీయువారు ఎవరు? గంజాము 1936 ఏప్రిల్ 1 వరకు మద్రాసు రాజధానిలో నుండెను. ఆనాడు గీత జరిగెను. మన తాతలు ఇల్లు కదలకయే అల్పసంఖ్యాకులైరి. నాటి నుండి నేటి వరకు మనము వినుచున్న మాట ఏది? ‘ఒడియా పాఠశాలలకే ఉపాధ్యాయులు చాలకుండగా, తెలుగు పాఠశాలకు పోస్టు ఏల? ముందు మనవారికి చూడనిండు.’ ఈ మాట ఒక ఉద్యోగి నోట మేమే వింటిమి. ఆయన దుష్టుడు కాడు, మర్యాదగానే పలికెను, కుర్చీ చూపి కూర్చుండుమనెను. విద్యార్థులు భూటాను గూర్చి వ్రాసిన వాక్యమును, ఆయన మన గూర్చి పలికిన వాక్యమును ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో పేర్లు తప్ప మరి యే భేదమును కనబడదు.

ఇది ఒడియా వారి లక్షణమని ఎవరును తలపరాదు. మేము ఉపాధ్యాయ శిక్షణ పొందినది ఆంధ్రలో. ఇచ్చాపురము, మందస ప్రాంతములలో ఒడియా మాటలాడు కుటుంబములు తరతరములుగా నున్నవి. వారి ఒడియా బడుల ప్రస్తావన వచ్చినపుడు, అచ్చటి మన తెలుగు సోదరులు కొందరు ఇదే వాక్యమును తెలుగులో పలుకుట మేము విన్నాము. పెద్ద సంఖ్యలో ఉన్నవానికి ఈ వాక్యము సహజముగా నోట వచ్చును.

ఇచ్చట తొందరపడి రెండింటిని ఒకటి చేయరాదు. భూటాను పౌరుడు మనకు పన్ను కట్టడు. మన విద్యార్థి తండ్రి కట్టును. సబ్బుబిళ్ల కొన్నను, చెప్పుల జత కొన్నను కట్టుచునే యున్నాడు. భూటానునకు ఇచ్చునది మన ఇష్టము. తెలుగు పాఠశాలకు ఇచ్చునది మన హక్కు. అల్పసంఖ్యాక వర్గము నడుపు విద్యాలయమునకు గ్రాంటు ఇచ్చుటలో వివక్ష చూపరాదని రాజ్యాంగపు 30వ అధికరణము రెండవ ఖండము చెప్పుచున్నది. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన వసతులు కల్పింప ప్రయత్నింపవలెనని 1956లో చేర్చిన 350-ఎ అధికరణము చెప్పుచున్నది. కావున భూటాను విద్యుత్ కేంద్రముకన్న మన పాఠశాల ఉపాధ్యాయుని పోస్టు ముందు వరుసలోనిదే. ఈ మాట చెప్పుటకు మాకు సంకోచము లేదు.

అయితే కోత మొదలైనపుడు కత్తి పడుచోటు ఏది? ఓట్లు లేనిచోట. విదేశీయునకు మన ఎన్నికలలో ఓటు లేదు. అందుచే ఆతని పద్దును గూర్చి ఎంత గట్టిగా అరచినను అరచినవానికి నష్టము లేదు. ఆతని తరువాత వరుసలో ఎవరుందురు? ఓట్లున్నను కొద్దిగా నున్నవారు. ఒక నియోజకవర్గమున చెదరియున్న అల్పభాషవారు, కొండలలోని గిరిజనులు, ఊరూర తిరుగు సంచార జాతులు. వారి పద్దులన్నియు చిన్నవే. చిన్న పద్దును కోసిన మిగులు స్వల్పము, చప్పట్లు మాత్రము అధికము. 47 వేల కోట్లు వ్యయము కాకుండ నిలిచిన సంవత్సరమున 5 వేల కోట్లపై వాదోపవాదములు జరుగుట ఇందుకే. పెద్ద పద్దులను ప్రశ్నించుట కష్టము. అందులో గుత్తేదారులు, నాయకులు, అధికారులు అందరును ఉందురు. చిన్న పద్దులో ఉండునది ఒక పరదేశి, లేదా ఒక తెలుగు పండితుడు.

అందుచేత తల్లిదండ్రులకు మా మనవి యొక్కటే. మన బడికి పాఠ్యపుస్తకములు ఆలస్యమైనపుడు, పోస్టు ఖాళీగా నున్నపుడు, అర్జీ వ్రాయుడు. అందులో అధికరణముల సంఖ్యలు వ్రాయుడు. ఆ పోస్టు జీతము రాష్ట్ర బడ్జెట్టులో ఏ పద్దు క్రింద నున్నదో, కిందటి యేడు ఆ పద్దులో ఎంత కేటాయించి ఎంత వ్యయించిరో వ్రాయుడు. ‘వారికిచ్చితిరి, మాకీయరా?’ అని మరియొకరి పేరు మాత్రము వ్రాయకుడు. రోడ్డు విషయమునను అంతే. ఎప్పుడు మంజూరైనది, ఎంతకు గుత్త ఇచ్చిరి, మరమ్మతు బాధ్యత ఎన్నేండ్లు గుత్తేదారునిపై నున్నది అని అడిగినచో జవాబు చెప్పవలసినవాడు ఒకడు ఉండును.

రాష్ట్ర బడ్జెట్టు ప్రతులును, కేంద్రపు బడ్జెట్టు ప్రతులును ప్రభుత్వముల వెబ్‌సైటులలో ఎవరికైనను దొరకును. విద్యాశాఖ డిమాండు కాగితములు మొదట చూచిన అడవివలె తోచును గాని, పెద్ద పద్దు, ఉపపద్దు, సవరించిన అంచనా అను మూడు మాటలు తెలిసినచో 10వ తరగతి విద్యార్థి చదువగలడు. వానిలో కొంత ఒడియాలోను, ఎక్కువ ఆంగ్లములోను ఉండును; మన పిల్లలకు రెండును వచ్చును. కావలసినవారు శనివారము బడి విడిచిన తరువాత ఉండిన, గ్రంథాలయపు గదిలో మేము చూపెదము. తల్లిదండ్రులును రావచ్చును.